దాచుకున్న నా చేతులను బయటికి తీసిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పసిబిడ్డలను సాకుతున్న తల్లులారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు యాదమ్మ. చిన్నకోడూరు పక్కన మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా పని చేస్తున్నాను, పిల్లలు నన్ను ఆయమ్మ అంటారు. ఈ సాక్ష్యం నేను ఎప్పుడో రాయవలసింది. సిద్దిపేటలో మన మందిరంలో నోటితో చెప్పాను గాని, "పత్రికకు రాసియ్యి యాదమ్మా, చదివినవాళ్లకు ఆదరణ కలుగుతుంది" అని పాస్టరమ్మ అడిగినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని, ఎందుకంటే అప్పుడు నాకు అక్షరాలు రావు! ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ చదువు రాని ఆడవాళ్లను చాప మీద కూర్చోబెట్టి పలక మీద దిద్దిస్తుంది, అందరూ కూర్చున్నా నేను కూర్చునేదాన్ని కాదు, పలక మీద దిద్దాలంటే చెయ్యి కొంగులోంచి బయటికి తీయాలి కదా, నేను తీయలేకపోయాను. ఆ చెయ్యి ఎలా బయటికి వచ్చిందో అదే నా సాక్ష్యం. వచ్చాక కూడా పని చేసి గట్టిపడ్డ ఈ వేళ్లకు అక్షరాలు లొంగడానికి చాలా కాలం పట్టింది, అందుకే ఇంత ఆలస్యం. ఇది నా చేత్తో నేనే రాశాను, తప్పులు మాత్రం పాస్టరమ్మ దిద్దింది.

ముందు నా చీకటి దినాల సంగతి చెబుతాను. నా భర్త చనిపోయాక, ఉన్న ఒక్క బిడ్డను రాయపోల్‌లో ఇచ్చి పెళ్లి చేశాక, నాకు ఇల్లు అన్నా లోకమన్నా ఆ అంగన్‌వాడీయే. పొద్దున తల్లులు కూలికి పోతూ పోతూ పిల్లలను గుమ్మం దగ్గర నా చేతికి అందిస్తారు, కొందరు నిద్రలో ఉంటారు, కొందరు ఏడుస్తుంటారు, కొందరి ముక్కు కారుతుంటుంది, నేను అందరినీ తీసుకుని ముఖాలు కడిగి, మధ్యాహ్నానికి అన్నం, పప్పు, గుడ్డు వండి కలిపి పెడతాను. అలాంటి నా చేతి మీద, వేలి చివర, బియ్యపు గింజంత తెల్ల మచ్చ వచ్చింది. పట్టించుకోలేదు. అది పెరిగింది, పక్క వేలికి పోయింది, ఇంకో చేతికి పోయింది, చూస్తుండగానే రెండు చేతులూ మణికట్టు దాకా సున్నం పూసినట్టు అయ్యాయి. ఎవరో చెప్పారని ఆకు పసరు రుద్దితే చర్మం కాలి బొబ్బలెక్కింది గాని రంగు రాలేదు. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ చూసి ఇవి బొల్లి మచ్చలని, అంటుకునేవి కావని, చర్మం రంగు పోయిందంతేనని, పని మానవలసిన అవసరం లేదని చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది. కానీ డాక్టరమ్మ చెప్పింది నాకు గాని ఊరికి కాదు కదా!

మా సెంటర్‌కు ఎదురిల్లు లచ్చవ్వత్తది. పెద్ద మనిషి, నోరు కూడా పెద్దదే. ఆమె మనుమరాలు సిరి మా సెంటర్‌కే వచ్చేది. ఒకరోజు సిరిని దించడానికి వచ్చి నా చేతులు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందే యాదమ్మా, గా చేతులేంది? గా చేతుల తోటేనా మా పిల్లకు కలిపి పెడుతున్నవ్?"

"అంటుకునేది కాదత్తా, డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మకేంది, ఆమె మనుమరాలు గీడ తింటుందా?" అని సిరిని చంకనేసుకుని వెనక్కి పోయింది.

సహోదరీలారా, ఆ దినం నేను ఒక పని చేశాను. తల్లుల భయం పోగొడదామని, కందిపప్పు వచ్చిన ప్లాస్టిక్ కవర్లను కడిగి, ఆరబెట్టి, రెండు చేతులకూ తొడుక్కుని, మణికట్టు దగ్గర దారంతో కట్టుకున్నాను. ఇక ఎవరికీ బెంగ ఉండదు అనుకున్నాను. మరి ఏమైందో తెలుసా? అప్పటిదాకా లచ్చవ్వత్త ఒక్కతే అన్న మాట, ఆ కవర్లు చూశాక బోరింగు కాడ అందరూ అన్నారు. "అంటుకునేది కాకపోతే కవర్లెందుకు కట్టుకుంటదే? ఆమెకే భయముంటే మనకుండదా?" అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. తల్లులు పత్తి ఏరడానికి పోతూ పిల్లలను వెంట తీసుకుపోయి చేను ఒడ్డు మీద ఎండలో చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టారు. వాళ్లను నేను తప్పుపట్టను. బిడ్డ మీద తల్లికి భయం ఉండవలసిందే, ఆ భయమే బిడ్డను కాపాడుతుంది. మా టీచరమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది, అందరూ తలూపారు, ఎవరూ పంపలేదు. చివరికి టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, "పిల్లలు రాకపోతే సెంటర్ నడవది యాదమ్మా, నీ జాగల ఇంకొకరిని పెట్టుమంటున్నరు పైనుంచి, నేను ఎన్ని దినాలు ఆపగలుగుత?" అంది.

ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. నా బిడ్డలను నేను పోగొట్టుకుంటున్నాను! కడుపున పుట్టింది ఒక్కతే అయినా, ఈ చేతుల మీద నడక నేర్చినవాళ్లు ఎంతమందో! మోకాళ్ల మీద పడి ప్రార్థించాను. "ప్రభువా, గీ మచ్చలు తీసెయ్యి తండ్రీ, నీకు ఒక్క మాట చాలు కద, నన్ను ఎందుకు నలుగుట్ల నవ్వులపాలు చేస్తవు" అని ఏడ్చాను. ఉపవాసాలున్నాను. పొద్దున లేవగానే ముందు చేతులు చూసుకునేదాన్ని, మచ్చలు ఎక్కడివక్కడే ఉండేవి. దేవుడు నా మొర వినలేదనుకున్నాను. అప్పటినుంచి మందిరంలో అందరూ చేతులెత్తి స్తుతిస్తుంటే నేను కొంగు కింద నుంచే ఎత్తేదాన్ని.

ఒక ఆదివారం పాస్టరమ్మ అది చూసింది. నా పక్కకు వచ్చి కూర్చుని, కొంగు తొలగించి, నా రెండు చేతులనూ తన చేతుల మధ్య పెట్టుకుని, తన చెంపకు ఆనించుకుని, "తండ్రీ, ఇవి నీ చేతులు, ఎందరి ఆకలి తీర్చినవో నీకే తెలుసు" అని ప్రార్థించింది. ఎన్ని నెలలైందో ఒక మనిషి నా చెయ్యి ముట్టుకుని! నేను చిన్నపిల్లలాగా వెక్కి వెక్కి ఏడ్చాను, ఆ ఏడుపులోనే నా ప్రార్థన మారిపోయింది. "ప్రభువా, మచ్చలుంటే ఉండని, పిల్లలను మాత్రం నా చేతికి మల్ల ఇయ్యి తండ్రీ" అన్నాను. ఆ మాటతో గుండె మీది బండ జరిగినట్టయింది. దేవునికే మహిమ! ఇంటికి రాగానే ఆ కవర్లను మూలకు పడేశాను.

తెల్లారి నుంచి నేను వంటగదిలో దాక్కోలేదు. వసారాలో, దారిన పోయేవాళ్లందరికీ కనబడేటట్టు కూర్చుని, ఉత్త చేతులతో బియ్యంలో రాళ్లు ఏరాను, కూరగాయలు కోశాను. టీచరమ్మ తల్లులను పిలిచి, "మీరే వచ్చి కూసోండ్రి, వండేది చూడుండ్రి, మీరు తిని చూసినంకనే పిల్లలకు పెట్టుండ్రి" అని చెప్పింది. మొదట వచ్చింది రెహానా. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. నన్ను చూసి నవ్వింది.

"అరే యాదమ్మా, గిదేనా నీ బీమారీ? మా ఖాలాకు, అదే మా అమ్మ చెల్లెకు గూడ గిట్లనే ఉండె. ఆమె చేతి ఖిచిడీ తినే కద మేమంత గింత లావైనం!" అని, నేను కలిపిన అన్నంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకుని, "ఉప్పు జర తక్కువైంది" అంది.

ఉప్పు తక్కువైందన్న మాటకు నేను అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు! ఆమె బిడ్డ వచ్చింది, ఆమెను చూసి ఇంకో తల్లి పంపింది, మెల్లమెల్లగా సెంటర్‌లో మళ్లీ ఏడుపులు, నవ్వులు వినబడ్డాయి. కానీ లచ్చవ్వత్త మాత్రం తలుపు తీయలేదు. ఎదురింట్లో సిరి ఏడుపు నాకు వినబడేది. కోడలు కూలికి పోయేది, పిల్లను నాయినమ్మే చూసుకునేది, పిల్ల అన్నం ముట్టకుండా రోజురోజుకూ పీలగా అయిపోయింది, వాకిట్లో ఆడుతుంటే భుజాల ఎముకలు కనబడేవి. లచ్చవ్వత్త తిట్టేది, బతిమాలేది, ఫోను పెట్టి చూపించేది, పిల్ల నోరు తెరిచేది కాదు. నేను ప్రతి దినం ఆ పిల్ల పేరు ఎత్తి ప్రార్థించాను. పోయి పిలిస్తే ఇంకా గట్టిగా తలుపు వేసుకుంటుందని తెలుసు, అందుకని పోలేదు.

ఒక మధ్యాహ్నం నేను పిల్లలకు పెడుతుండగా గేటు చప్పుడైంది. లచ్చవ్వత్త. ఒక చంకలో సిరి, ఇంకో చేతిలో అన్నం గిన్నె. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది.

"నిన్ను పెట్టుమంటలేను. ఇగో, గిదొక్కటి చెప్పు. గీ పిల్ల అన్నం పెడితె అమ్మ ముద్ద ఏది, అమ్మ ముద్ద ఏది అని ఏడుస్తది. ఏం ముద్దనే గది? ఏం మందు పెట్టినవే దీనికి?"

సహోదరులారా, అది మందు కాదు. తల్లి కోసం ఏడ్చే పిల్లలు అన్నం తినరు, అందుకని నేను పళ్లెం అంచున చిన్న చిన్న ముద్దలు చుట్టూ పేర్చి, ఒక్కో ముద్దకు ఇంట్లోవాళ్ల పేరు పెడతాను. ఇది చేనులో ఉన్న మీ అమ్మ ముద్ద, ఇది బండి నడిపే మీ బాపు ముద్ద, వాళ్లు తినమని పంపారు అని చెబితే పిల్లలు దూరాన ఉన్న అమ్మ చేతి ముద్ద తిన్నట్టే తింటారు. అదే నాకు తెలిసిన పని.

"రా అత్తా, చూపిస్త" అన్నాను. ఆమె వచ్చి వసారా అంచున కూర్చుంది. నేను ఆమె గిన్నెలోని అన్నాన్నే పళ్లెంలో పెట్టి ముద్దలు చేయసాగాను. లచ్చవ్వత్త నా చేతులనే చూస్తోంది. అంత దగ్గరగా, అంతసేపు ఆమె ఎప్పుడూ చూడలేదు. నేను పేర్లు చెప్పకముందే సిరి చంకలోంచి జారి వచ్చి, మొదటి ముద్ద మీద వేలు పెట్టింది.

"గిది నాయినమ్మ ముద్ద."

లచ్చవ్వత్త నా ముఖంలోకి చూసింది. "నా ముద్ద గూడ పెడుతుంటివా?"

"ముందుగాల నీదే పెడుత అత్తా. పొద్దుగాల లేపి, తానం చేపించి, తోల్కొచ్చేది నువ్వే కద."

లచ్చవ్వత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయాను, పెట్టమంటుందో వద్దంటుందో తెలియక, లోపల లోపల "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ. అప్పుడు ఆమె గట్టిగా కసురుకుంది.

"ఆగినవేందే? పెట్టు. పిల్ల నోరు తెరిచె."

పెట్టాను! సిరి తిన్నది! నాయినమ్మ ముద్ద, అమ్మ ముద్ద, బాపు ముద్ద, ఒక్కటి మిగల్చకుండా తిన్నది! నా కళ్ల నీళ్లకు పళ్లెం కనబడలేదు. దేవునికే స్తోత్రం, దేవునికే మహిమ!

ప్రియులారా, నా మచ్చలు పోలేదు. ఈ అక్షరాలు రాస్తున్న వేళ్ల మీద అవి అలాగే ఉన్నాయి. నేను మచ్చలు తీసెయ్యమంటే దేవుడు సిగ్గు తీసేశాడు, నన్ను బాగు చెయ్యమంటే నా బిడ్డలను నాకు ఇచ్చాడు. నేను అడిగింది చిన్నది, ఆయన ఇచ్చింది పెద్దది. మీలో ఎవరైనా దేనినైనా కొంగు కింద దాచుకుని కుమిలిపోతుంటే, అది రోగమే గానీ, దుఃఖమే గానీ, నాలాగా చదువు లేకపోవడమే గానీ, దాన్ని ఆయన ముందు బయటికి తీయండి. ఆయన అసహ్యపడడు. అందరూ దూరం జరిగినప్పుడు దగ్గరికి జరిగేవాడు ఆయనే. ఆయనను నమ్మండి. తల్లులారా, మీ బిడ్డలను చూసుకునేవాళ్ల మీద మీకు భయం కలిగితే దూరం పోకండి, రెహానాలాగా వచ్చి దగ్గర కూర్చుని చూడండి. ఉప్పు తక్కువైతే చెప్పండి.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. ఆ మరుసటి దినం పొద్దున లచ్చవ్వత్త సిరిని తెచ్చి గుమ్మం దగ్గర నా చేతుల్లో పెట్టి పోయింది. నేను మూలకు పడేసిన ఆ ప్లాస్టిక్ కవర్లు ఇంటినుంచి తెచ్చి, అడుగున చిల్లులు పొడిచి, పిల్లలందరినీ పెరట్లో కూర్చోబెట్టుకుని, వాటిలో మన్ను నింపి మునగ గింజలు పెట్టించాను. సిరి నా చెయ్యి పట్టుకుని మన్నులో దూర్చింది, కాసేపటికి అందరి చేతులూ ఒక్క తీరుగానే అయ్యాయి. ఎదురింటి వాకిట్లోంచి లచ్చవ్వత్త అరిచింది:

"ఓ యాదమ్మా! మన్నుల ఆడుకున్నది సాలు గని, చేతులు కడుక్కొని పొయ్యి ముట్టియ్యి. నా మనుమరాలికి ఆకలైతది!"

నేను చేతులు కడుక్కుని పొయ్యి ముట్టించాను.