సింహం లోపలి గాలి

తైవాన్‌లోని తైనాన్ రేవు వీధిలో, సముద్రదేవత మాజూ అమ్మవారి గుడికి ఒక సింహనాట్య దళం ఉంది. అందులో షావ్ జిన్‌ఫా తల మనిషి. పొద్దున పాలబొంత చేపల గంజి అమ్మేవాడు, సాయంత్రం సింహం తల ఎత్తేవాడు. తోక మనిషి హోంగ్ అన్న. పదేళ్లకు పైగా ఒకే గుడ్డ కింద జిన్‌ఫా నడుం పట్టుకుని వంగి నడిచాడు.

ఆయన నడుం పట్టేసి మానుకున్నాక వచ్చిన తోకలేవీ నిలవలేదు. ఒకడు మోకాళ్లన్నాడు, ఇంకొకడు అత్తగారన్నాడు. ఆ తరువాతవాడు ఆట మధ్యలోనే గుడ్డ కిందినుంచి బయటికొచ్చి గుడి మెట్ల మీద కూర్చున్నాడు. సింహం సగమే మిగిలింది.

"ఏమనుకోకన్నా. నువ్వు చేతులెత్తితే లోపల నక్క చచ్చిన కంపు."

జిన్‌ఫా ఇంటికెళ్లి భార్య యూలాన్‌ను అడిగాడు.

"నీకూ తెలుసా?"

"పెళ్లైన రోజునుంచీ."

"మరి చెప్పవేం?"

"చెబితే ఏం చేస్తావ్? చంకలు ఇంట్లో పెట్టి వెళ్తావా?"

అల్లం రుద్దుకున్నాడు. వెనిగర్ పూసుకున్నాడు. సింహంలో ఊరగాయ వాసన కూడా చేరింది. చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"చెమటకి వాసన ఉండదండీ," అందావిడ. "చంకల్లో ఊరే జిగురు చెమటని చర్మం మీది బ్యాక్టీరియా తింటుంది. తిని వదిలేదే ఈ కంపు."

"అయితే వాటిని చంపెయ్యండి."

"మళ్లీ పుడతాయి. ముందు శుభ్రంగా కడిగి, వెంట్రుకలు తీసి, మందు పూయండి. తగ్గకపోతే ఆ చెమట గ్రంథులే తీసేద్దాం."

తగ్గలేదు. తీయించుకున్నాడు. కట్లు విప్పేదాకా మోచేతులు పక్కలకు అంటించుకునే ఉండాలన్నారు. యూలాన్ అన్నం తినిపించింది, ముక్కు గోకింది, గంజి బండి దగ్గరా తనే నిలబడింది. అమ్మకం పెరిగింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అమ్మవారి పుట్టినరోజుకు హోంగ్ అన్నను బతిమాలి ఒక్క ఆటకు పిలుచుకొచ్చారు. డప్పు జోరందుకోగానే జిన్‌ఫా పైకెగిరాడు. వెనకనుంచి నడుం పట్టి పైకెత్తాల్సిన హోంగ్ అన్న ఎత్తలేదు. సింహం తల వెళ్లి నైవేద్యాల బల్ల మీద పడింది. అనాసపళ్లు వీధిలోకి దొర్లాయి.

"ఎత్తవేమన్నా?"

"నువ్వెగురుతున్నావని నాకెలా తెలుస్తుందిరా?"

"ఇన్నేళ్లూ ఎలా తెలిసింది?"

"ఎగరబోయే ముందు నీకు భయం. కంపు గుప్పుమనేది. అప్పుడు ఎత్తేవాణ్ని."

జిన్‌ఫా నుదుటి బొప్పిని తడుముకున్నాడు.

"భయమని నేనెవరికీ చెప్పలేదే!"

"నేనూ చెప్పలేదు," అన్నాడు హోంగ్ అన్న.

కొత్త తోక మనిషి ఇప్పుడు నిలిచాడు. ఎగరబోయే ముందు జిన్‌ఫా గట్టిగా దగ్గుతాడు. గుడికొచ్చే ముసలమ్మలు సింహానికి ఒంట్లో బాగాలేదనుకుని, ఎర్ర కాగితంలో దగ్గు బిళ్లలు చుట్టి దాని నోట్లో పెడుతున్నారు. తలా తోకా సమానంగా పంచుకుంటారు.