చీటీ చింపని డబ్బా

ఈ సంగతి రాసిపెట్టకపోతే అన్న గురించి రెండు అబద్ధాలు మిగులుతాయి. పోయిన శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, కూలీలుండే బిర్కత్ అల్ అవామిర్ క్యాంప్‌లో టీ తాగుతుంటే రెండూ ఒకేసారి చెవిన పడ్డాయి. "ప్రైజ్ బాండ్లు ఆయన కన్ను మింగినయ్" అని ఒకడు. "ఇంకో నెల ఆగుంటే కోటీశ్వరుడు అయ్యేటోడు, ఆ కడప డ్రైవరే చెడగొట్టిండు" అని ఇంకొకడు. ఆ కడప డ్రైవర్‌ని నేనే. వాళ్ళకు నా ముఖం తెలియదు. నేను కప్పు అక్కడే పెట్టి లేచి వచ్చాను. రెండోవాడి మాట నిజమేమోనన్న భయం నాలో ఇంకా పూర్తిగా చావలేదు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అల్ అజీజియాలో ఒక ఇంటికి హౌస్ డ్రైవర్‌ని. సాయంత్రాలు మేడమ్ పిల్లల్ని నగరంలోని పెద్ద గ్రంథాలయానికి తీసుకెళ్ళి, వాళ్ళు బయటికి వచ్చేదాకా కాచుకోవాలి. మిగతా డ్రైవర్లు బండిలో ఏసీ వేసుకుని నిద్రపోయేవారు. నేను లోపలికి వెళ్ళేవాణ్ణి. మొదట చల్లదనం కోసం, తర్వాత పుస్తకాల కోసం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు నెమ్మదిగా చదివాను. నక్షత్రాల గురించి, ఎడారి మొక్కల గురించి, తర్వాత పొదుపు గురించి. ఎవరూ పరీక్ష పెట్టని చదువు కాబట్టి అందులో తప్పలేదు. నలుగురూ కూర్చున్నచోట ఆ చదువంతా ఒలకబోయడం నాకు అలవాటు. వినేవాళ్ళు ఆవులించేవారు. ఆవులించకుండా వినేది ఒక్క అన్న.

అన్న అంటే తోబుట్టువు కాదు, జగిత్యాల వైపు మనిషి. ఒకసారి ఎయిర్‌పోర్టులో పక్కపక్కన కూర్చుని సకినాలు పంచుకున్న నాటి నుంచి నాకు అన్న అయ్యాడు. ఆయన సైట్‌లో క్రేన్‌కు సిగ్నల్ ఇచ్చే పని చేసేవాడు. పైన కూర్చున్న ఆపరేటర్‌కు కింద ఏముందో కనపడదు. అన్న చెయ్యి ఎటు చూపిస్తే ఇనుము అటు కదులుతుంది. అంటే కింద నడిచేవాళ్ళందరి తలలూ అన్న కళ్ళ మీద ఆధారపడి ఉండేవి.

ఆయన పొదుపంతా ప్రైజ్ బాండ్లలో ఉంది. వాటిని ఇక్కడి ఒక సంస్థ అమ్ముతుంది. కట్టిన సొమ్ము కట్టినట్టే ఉంటుంది, వడ్డీ మాత్రం రాదు. అందరికీ రావలసిన ఆ లాభాన్ని కలిపి, నెలనెలా డ్రా తీసి కొందరికి బహుమతులుగా ఇస్తారు. మోసమేమీ లేదు, ఎప్పుడు కావాలన్నా మన డబ్బు మనం తీసుకోవచ్చు. తాగుడు, లాటరీ టికెట్లు, అప్పులడిగే బంధువులు, ఈ మూడింటి నుంచీ అన్న జీతాన్ని కాపాడినవి ఆ బాండ్లే. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే వదిన మాత్రం ఊరి నుంచి ఫోన్‌లో దెప్పుతూనే ఉండేది. "మీ దుబాయ్‌ల పైసలు గుడ్లు పెడ్తయని చెప్తివి. ఏండ్లాయె, ఒక్క గుడ్డు లేకపాయె!"

అన్న ఎడమ కన్నులో నల్ల దారాలు ఈదడం మొదలైంది. ఆయన దుమ్మన్నాడు, ఎండన్నాడు, అలాగే నెలలు నెట్టాడు. ఒక శుక్రవారం నేను టీ కప్పు అందిస్తే, కప్పుకు జానెడు పక్కన గాలిని పట్టుకున్నాడు. మేడమ్‌ను అడిగి బండి తీసుకుని ఒక ప్రైవేట్ క్లినిక్‌కు లాక్కుపోయాను. షుగర్ వల్ల కంటి వెనక రక్తం చిమ్ముతోందని, ఇంజెక్షన్లు, లేజర్ వెంటనే మొదలుపెట్టకపోతే ఎడమది పోతుందని, కుడిదాన్నీ నమ్మలేమని డాక్టరు చెప్పింది. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపేస్తారని అన్న భయం. సొంత డబ్బు పెట్టుకోవాలి. ఆ డబ్బు బాండ్లలో ఉంది.

"రేపే తీసేయన్నా," అన్నాను.

"ఇప్పుడా? ఇప్పుడెట్ల తీస్త తమ్మీ? ఇన్నేండ్లు ఆగిన. ఇగ నా వంతు దగ్గరికొచ్చింది."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వాళ్ళ గదిలో ఏళ్ళ తరబడి ఒక చిట్టీ నడుస్తోంది. నెలకోసారి అందరూ డబ్బు వేస్తారు, పేర్ల చీటీలు పాలపొడి డబ్బాలో వేసి కుదుపుతారు. పేరు వచ్చినవాడు మొత్తం తీసుకుంటాడు, వాడి చీటీ చింపేస్తారు. మరుసటి నెల డబ్బాలో ఒక చీటీ తక్కువ. ఎంత దురదృష్టవంతుడికైనా చివరికి వంతు రాక తప్పదు. ఆ డబ్బా అన్న దగ్గరే ఉండేది. జీవితంలో తనను మోసం చెయ్యనిది అదొక్కటే అనేవాడు. బాండ్ల డ్రా కూడా అలాంటిదే అనుకున్నాడు. నెలకు కొందరికి వస్తోంది, వాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు, ముందున్న వరస తరుగుతోంది, కాబట్టి ఇప్పుడు బాండ్లు తీసెయ్యడమంటే కౌంటర్ దాకా వచ్చి క్యూలోంచి బయటికి రావడమే.

నేను చదివినదంతా చెప్పాను. పోయిన నెల డ్రాకు వచ్చే నెల డ్రా సంగతి తెలియదన్నాను. ఆయన ఆవులించలేదు. కానీ కదల్లేదు కూడా. "నీ పుస్తకాలు రాసినోళ్ళు ఎన్నడన్న చిట్టీ వేసిన్రా?" అన్నాడు. మర్నాడు మళ్ళీ సైట్‌కు వెళ్ళాడు. ఆ వారమంతా నేను స్టీరింగ్ పట్టుకున్నానన్న మాటేగాని, నా కళ్ళ ముందు అన్న చెయ్యి, గాలిలో ఇనుము, కింద నడిచే మనుషులు. ఫోన్ మోగితే చాలు, భయం.

మరుసటి శుక్రవారం భోజనాలయ్యాక డబ్బా అడిగాను. గదిలో అందరి పేర్లూ చీటీల మీద రాయించి, అన్ననే తియ్యమన్నాను. చెయ్యి పెట్టి తీశాడు. అన్న పేరే వచ్చింది!

గది దద్దరిల్లింది. "అరే, కాక నక్క తోక తొక్కిండ్రా!" అని పై మంచం కుర్రాడు ఈల వేశాడు. "సూసినవా తమ్మీ?" అని అన్న నవ్వాడు. నా పాఠం నన్నే కొట్టింది. ఏం చెయ్యాలో తోచక ఆ చీటీ తీసుకుని, మడిచి, తిరిగి డబ్బాలో వేశాను.

అన్న నవ్వు ఆగింది. "ఏయ్, అదేంది? వొచ్చినంక మల్ల లోపలెందుకేస్తవ్? చింపాలె గదా!"

"ఈడ చింపరన్నా. బాండ్ల డ్రాలో ఎవురి చీటీ చింపరు. గెల్చినోడు కూడా మళ్ళా లోపలికే పోతాడు. కొత్తోళ్ళు రోజూ వచ్చి పడతాంటారు. నువ్వు చేరినప్పటికన్నా ఇప్పుడు డబ్బా పెద్దదైంది, చిన్నది కాలేదు."

అన్న మళ్ళీ తీశాడు. వంటవాడి పేరు. లోపల వేశాం. మళ్ళీ తీశాడు. పై మంచం కుర్రాడిది. మళ్ళీ తీస్తే మళ్ళీ వాడిదే. "ఫులూస్, నా పైసలు ఇయ్యుండ్రి, యల్లా!" అని వాడు గంతులేశాడు. అన్న తీస్తూనే ఉన్నాడు. వెనుకటి పేర్లే తిరిగి తిరిగి వస్తున్నాయి, తన పేరు మాత్రం మళ్ళీ రాలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"గట్లయితే... నా పేరు ఎన్నడు రాకపోవచ్చా?"

"రావచ్చు. రాకపోనూవచ్చు. రేపే రావచ్చు కూడా అన్నా, అది మాత్రం అబద్ధం చెప్పను."

"మరి ఇన్నొద్దులు నేను ఎవ్వని ఎనక లైన్ల నిలబడ్డ?"

అన్న డబ్బాకు మూత పెట్టాడు.

ఆదివారం బాండ్లు తీసేశాం. పైసా తగ్గకుండా ఇచ్చారు. అదే డబ్బుకు ఇన్నేళ్ళ తర్వాత బియ్యం ఎంత తక్కువ వస్తుందో నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను. క్లినిక్ దారిలో అన్న ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆ రోజే డ్రా ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తీసేసిన నంబరుకే బహుమతి తగిలేదని చెప్పే ఫోనైతే, ఈ మనిషికి నేను జన్మలో ముఖం చూపించలేను. బండి పక్కకు ఆపాను. అన్న స్పీకర్ పెట్టాడు. "ఎక్కడున్నారు? డాక్టర్ ఎదురుచూస్తోంది," అంది క్లినిక్ నర్సు. అన్న సీటులో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఏడ్చాడో నవ్వాడో నాకు తెలియదు.

కుడి కన్ను నిలబడింది. ఎడమదానిలో ఒక మూల నీడ మిగిలింది. ఆ నీడ ఆయన ఆగిన నెలలదని డాక్టరు అనలేదు, నేనూ అడగలేదు. అన్న క్రేన్ వదిలి స్టోర్‌లో పనికి మారాడు. తన పాత బాండ్ల నంబర్లు డ్రాలో వచ్చాయో లేదో మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. చూసే ధైర్యం లేదు. ఈమధ్య సరదాకు ఒక చిన్న బాండు మళ్ళీ కొన్నాడు. నేను వద్దనలేదు. అవసరం రాని డబ్బుకు అది చెడ్డచోటేమీ కాదు. అవసరం తలుపు తట్టినప్పుడు ఇంకో నెల ఆగమని చెవిలో చెబుతుంది చూడండి, నాకు భయం దానితోనే.

నా మాట విని, ఫీజు విడతలుగా తీసుకునేలా డాక్టరును ఒప్పించిన నర్సు రోజ్‌లిన్ సిస్టర్‌కు కృతజ్ఞతలు. అడిగిన ప్రతిసారీ బండి ఇచ్చిన మేడమ్ నూరాకు, లేజర్ రోజుల్లో అన్న డ్యూటీ తాను చేసిన ఇస్మాయిల్ భాయ్‌కు, పథ్యం వండిపెట్టిన వంటమనిషి గంగాధర్‌కు, ఈల వేసినందుకు సిగ్గుపడి తన చిట్టీ వంతు అన్నకు వదిలేసిన పై మంచం నరేశ్‌కు, ఊరి నుంచి రోజూ దెప్పి ధైర్యం చెప్పిన లక్ష్మి వదినకు కూడా. అన్న పేరు రాయొద్దన్నాడు. డ్రా జరిగే రోజు తెలియని నంబరు మోగితే నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. ఆ డబ్బాలో చీటీలు ఎన్నిసార్లయినా తిరిగి పడతాయి, గడిచిన నెలలు మాత్రం పడవు.