టోపీ కింద మనిషి

మా పేట నల్లవారి చరిత్ర సంఘంలో పాత ఫొటోలకు పేర్ల చీటీలు రాసే మహత్తర బాధ్యత డెబ్బై ఆరేళ్ల వెర్నెల్ టాలివర్‌ది. ప్రతి శనివారం కళ్లద్దాలు తుడుచుకుని, పెన్సిలు మొన నాలుకకు తాకించి, ఒక్కొక్క ఫొటోనూ న్యాయమూర్తిలా విచారిస్తుంది. ముఖాలను ఆమె సాక్ష్యంగా స్వీకరించదు. ఆదివారం చర్చికి పెట్టుకొచ్చిన టోపీని చూసి తీర్పు చెబుతుంది. "ముఖానిదేముంది, ఏడాదికోలా ఉంటుంది. ఈకల టోపీ అంటే సిస్టర్ ఆర్డీలియాయే!" ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఆమెకు ఏడేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ తరువాత ఇల్లు కాలి, తల్లి ఫొటోలూ పోయాయి. అందుకే కాబోలు, ఎవరి చీటీ మీదా 'తెలియదు' అని రాయనివ్వదు.

ఫిబ్రవరిలో నల్లవారి చరిత్ర మాసానికి పెట్టిన ప్రదర్శనకు తొంభై దాటిన చర్చి పెద్ద డీకన్ లూషస్ వచ్చి, ఈకల టోపీ ఫొటో ముందు ఆగాడు.

"ఏం పిల్లా, ఆర్డీలియా ఎడంచేత్తో విసనకర్ర ఎప్పుడు విసిరింది?"

"టోపీ ఆవిడదే కదా డీకన్ గారూ!"

"టోపీ ఆవిడదే. ఆ ఈస్టరుకి మీ అమ్మ అడిగి పెట్టుకుంది. ఎడంచేతి వాటం మీ అమ్మదే కదుటే! టోపీ కింద ఓసారి చూడవే తల్లీ."

వెర్నెల్ చూసింది. చాలాసేపు చూసింది. కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుంది. తరువాత పాత పేరు చెరిపి 'మా అమ్మ, లోరీన్' అని రాసింది. చరిత్రకు అన్యాయం జరగకూడదు కనుక, కింద చిన్న అక్షరాలతో చేర్చింది: 'టోపీ సిస్టర్ ఆర్డీలియాది.'