నవత ఇచ్చిన ఖో

మా నవతకు కుళ్లు. చాటుగా అంటున్న మాట కాదు, తన మొహం మీదే అంటాను. చందూర్‌లో మా ఆడపిల్లల ఖోఖో జట్టుకు మొదటి నుంచీ తనే కెప్టెన్. పొద్దున్నే వాళ్లమ్మకు బీడీ ఆకు కత్తిరించి ఇచ్చి మైదానానికి వచ్చేది. నీళ్ల డబ్బా మోసేది, చిన్నపిల్లలకు జడలు బిగించేది. ఎవరైనా మెచ్చుకుంటే ఇంకో డబ్బా మోసేది. మెచ్చుకోకపోతే ఆ రోజంతా మూతి ముడుచుకునేది.

కిందటేడు గోదావరి అనే పిల్ల మా జట్టులో చేరింది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ల పిల్ల. అది పరుగెత్తితే చూసేవాళ్లంతా దాని పేరే అరిచేవాళ్లు. నవతకు కడుపు మండిపోయేది.

"దానికేమున్నదే హర్షిణీ? కాళ్లు పొడుగు, గంతే," అనేది నాతో.

ఖోఖోలో తరిమే పిల్ల వెనక్కి తిరగకూడదు, కూర్చున్న వరుసను దాటకూడదు. తప్పించుకునే పిల్ల వరుస అవతలికి దూరితే, అటు చూస్తూ కూర్చున్న మనపిల్ల వీపు తట్టి "ఖో" అనాలి. ఆమె లేచి తరుముతుంది, మనం ఆమె చోట కూర్చోవాలి. నవత అందరికీ ఖో ఇచ్చేది, ఒక్క గోదావరికి తప్ప. దాన్ని దాటి వచ్చి మరీ నా వీపు తట్టేది.

బోధన్‌లో పోటీకి ముందు మా ఆత్మారాం సార్ బాంబు పేల్చాడు.

"గెలిస్తే నిజామాబాద్ పోతం. అక్కడ కెప్టెన్ ఎవరో ఆట అయినంక మీరే చెప్పాలె."

నవత మొహం మాడిపోయింది.

ఆట చివరికొచ్చింది. ఇంకొక్క పిల్లను పట్టుకుంటే గెలుపు మాదే. నవత తరుముతుంటే ఆ పిల్ల చటుక్కున అవతలికి దూరింది. నవత ముందు గోదావరి వీపు. నా దాకా వస్తే ఆ పిల్ల ఇక చిక్కదు. నవత పళ్లు కొరికింది. "ఖో!" అని అరుస్తూ ఆ వీపు మీద ఒక్కటి చరిచింది. గోదావరి లేచి ఆ పిల్లను పట్టేసింది. మైదానమంతా దాని పేరే. దాని చోట కూర్చున్న నవత తల ఎత్తలేదు.

"గంత గట్టిగ కొడ్తరా అక్కా? వీపు మండుతుంది," అంది గోదావరి తర్వాత.

"నీకియ్యాలంటే నాకు గంత బలం గావాలె మరి!"

సార్ కెప్టెన్ ఎవరని అడిగాడు. అందరం గోదావరి వైపే చూశాం.

"నవతక్కనే సార్," అంది అది. "నేనంటే పడకున్నా నాకు ఇచ్చింది. నేనైతే ఇయ్యకపోతుంటి."

తిరుగు బస్సులో నవత ఏడ్చింది. సంతోషం కాబోలనుకున్నాను.

"కెప్టెన్ గూడ దాని చేతులకెల్లే తీస్కోవాల్నానే?" అంది.

కాసేపటికి చున్నీ కొంగు నీళ్లలో తడిపి లేచింది. ముందు సీట్లో గోదావరి ఒక్కతే ఉంది. "ఇటు తిరుగవే," అని దాని వీపు మీద తడిగుడ్డ వేసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగింది. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. చూశానంటే మళ్లీ మెచ్చుకోవాల్సి వస్తుంది.