రేకూ రంగూ మీరే తెచ్చుకోండి

ఆ రోజుల్లో మమ్మల్ని భయపెట్టడానికి దయ్యాలు అక్కర్లేదు, సేల్స్ టాక్స్ అన్న మాట చాలు. వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌన్ పక్క గదిలో మా అక్కగారి భర్తా నేనూ బోర్డులు రాసే కొట్టు పెట్టాం. సినిమా హాల్లో బ్యానర్లు రాసే ఉద్యోగం నా మాట నమ్మి వదులుకుని వచ్చాడు బావ. కుంచె అతనిది, లెక్కలు నావి. (లెక్కంటే నాకు ప్రాణం. పాలవాడు ఆలస్యంగా వచ్చినా డైరీకెక్కేది.) అంతా సాఫీగా ఉన్న సమయంలో గోడౌన్ గుమాస్తా ఒకరోజు మా బిల్లు చూసి, "రాసిన కూలికైతే పన్ను లేదండీ. మీరు రేకూ రంగూ కూడా అమ్ముతున్నారుగా, పట్టుకుంటే కొట్టుకి తాళమే" అన్నాడు. ఇక నాకు అన్నం సయించలేదు.

బాగా ఆలోచించి దర్జీ పద్ధతి కనిపెట్టాను. గుడ్డ మనమిస్తే అతను కుట్టిపెడతాడు కదా! "గుడ్డ తెచ్చేవాడు దారం కూడా తెస్తాడేంట్రా బామ్మర్దీ?" అన్నాడు బావ. నేను వినలేదు. పాపం, తనే కూర్చుని, పసుపు మీద ఎర్రటి అక్షరాలతో 'రేకు, రంగులు ఎవరివి వారే తెచ్చుకొనవలెను' అని రాసి గుమ్మానికి తగిలించాడు. మా కొట్టులో రాసిన బోర్డులన్నిటిలోకీ అందమైనది అదే. అది చదివినవాళ్ళంతా ఎదురు కొట్టుకి పోయారు. ఉయ్యూరు బెల్లం వ్యాపారి ఒక్కడే పంతం పట్టి, రేకూ, గోడలకి వేసే సున్నపు రంగూ తెచ్చాడు. "బస్సులో రేకుకి కూడా టికెట్టు కొట్టారండీ. అన్నీ నేనే మోసుకొచ్చాక ఇంకా మీరెందుకండీ, ఆ నాలుగక్షరాలూ నేనే గీక్కుంటా!" అని తిట్టి పోయాడు.

అద్దె బాకీ పడ్డాక ఓ పెద్దమనిషి వచ్చాడు. "పన్నుల ఆఫీసులో పనిచేస్తానండీ. ఇంటికి బోర్డు కావాలి" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"మేం రేకు అమ్మమండీ. రంగూ అమ్మం."

"మరేం అమ్ముతారండీ?"

"ఏమీ అమ్మమండీ!"

సంగతంతా రాబట్టి, మా ఏడాది వ్యాపారం ఎంతో అడిగి, ఆయన స్టూలు మీద కూలబడి నవ్వాడు. "పన్ను పడాలంటే అమ్మకానికో లిమిట్ ఉంటుందండీ. ఇలాంటి కొట్లు ఇంకో నాలుగు పెట్టినా మీరు దాని దరిదాపులకి రారు."

బావ కుంచె కింద పెట్టాడు. "ముందే వెళ్ళి అడక్కపోయావట్రా?"

"అడిగితే పట్టుకుంటారేమోనని..." అన్నాను.

అప్పటికే ఆలస్యమైంది. గదిలోకి ఉల్లిపాయలు వచ్చాయి. బావ ఆటోనగర్‌లో లారీలకి నంబర్లు రాస్తూ బతికాడు. పోయేదాకా నన్నొక్క మాట అనలేదు. (అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.)

మొన్న భవానీపురంలో మా మనవరాలు, ఇంట్లోనే కంపెనీలకి లోగోలు గీసే పిల్ల, "పెద్ద పనొచ్చింది తాతయ్యా. జీఎస్టీ గొడవెందుకులే, వద్దనేస్తా" అంది. చెప్పులేసుకున్నాను. "పద, ఆఫీసుకెళ్ళి అడుగుదాం" అన్నాను. పెరట్లో తన చెప్పులు వెతుక్కుంటూ, నీళ్ళ సంపు మీద మూతగా వేసిన పాత రేకు దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. ఇన్ని వానలకీ ఒక్క అక్షరం చెదరలేదు.

"ఎంత బాగుంది తాతయ్యా! ఎవరు రాశారు?"

"అక్షరాలు మా బావవి," అన్నాను. "తెలివి మాత్రం నాదేనమ్మా."