కాక గురి, మామ తుపాకి

ఆ రోజుల్లో నాకు లోకంలో ఏదైనా నిదానంగా నడిస్తే చిరాకు, ఒక్క వీడియో తప్ప. కరీంనగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో కొత్తగా చేరాను. పెళ్లిలో తలంబ్రాలు గింజగింజా గాలిలో తేలుతూ కనిపించాలని మా ఓనరు ఒక కెమెరా తెచ్చాడు. సెకనుకు వెయ్యి బొమ్మలు తీసి, నిదానంగా ఆడించి చూపిస్తుందది! దాన్ని చేత పట్టుకున్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నల్లా నీళ్లు తీశాను, తుమ్ముతున్న ఓనరును తీశాను (ఆ వీడియో చూసి ఆయన చాన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు). కానీ మనసంతా తుపాకి గుండు మీదే. అది వెళ్లి తగలడం కళ్లారా చూడాలి. మనకు తుపాకి ఎవరిస్తారు? మా మేనమామ ఇస్తాడు. జాతరల్లో జనంతో బుగ్గలు (అంటే బెలూన్లు) కాల్పించే దుకాణం ఆయనదీ మా అత్తదీ.

ఆ ఏడు మందమర్రి దగ్గర జాతర. ఓనరును బతిమాలి కెమెరాతో వెళ్లేసరికి మామ దుకాణం ముందు పెద్ద పంచాయితీ. బొగ్గుబాయిలో (అంటే గనిలో) పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, కొత్తల్లుడిని వెంటబెట్టుకొచ్చి ఎన్ని గుండ్లు కాల్చినా ఒక్క బుగ్గా పగల్లేదట. చిన్నప్పుడు గులేరుతో (అంటే ఉండేలుతో) చింతకాయలు రాల్చిన పుణ్యాన కాలనీ అంతా ఆయన్ని 'గురి కాక' అంటారు. మరి అల్లుడి ముందు ఆ పేరు ఏం కావాలి?

"నా గురి తప్పుడేంది? నీ తుపాకే వంకరున్నది. లోకాన్ని ముంచుతున్నవురా!" అంటున్నాడు కాక.

"అవ్వతోడు కాకా, తుపాకి సక్కగున్నది!" అంటున్నాడు మామ.

తుపాకి వంకర లేదని రేపటిలోగా చూపించాలి, లేకపోతే దుకాణం ఎత్తెయ్యాలి అన్నారు జాతర పెద్దలు. మామకు ఏడాదంతటికీ అదే పెద్ద జాతర. నేను మాత్రం ఎగిరి గంతేశాను (మామ కష్టానికి కాదు, నాకు దొరికిన అవకాశానికి). "ఫికర్ చెయ్యకు మామా, గుండు ఎటు పోతదో నా కెమెరా చూపెడ్తది!" అన్నాను.

సాయంత్రం లైట్ల కింద మొదలుపెట్టాం. ఆ కెమెరా ఒక్క బిగిని రెండు సెకన్లే తియ్యగలదు. నేను మూడు అనగానే కాక కాల్చాలి. ఆయన రెండుకే కాల్చేశాడు. "చెయ్యి ఆగలే బిడ్డా" అన్నాడు. ఎట్లాగో కుదిరాక చూస్తే బొమ్మ వెలుగుతోంది, ఆరుతోంది. మన కంటికి నిలకడగా కనిపించే బల్బు ఆ కెమెరా కంటికి మిణుకుమిణుకుమంటుందని అప్పుడే తెలిసింది. గుండు సరిగ్గా చీకట్లో దూరిపోయింది. మామ ముఖం వాడిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మాడుపగిలే ఎండలో మళ్లీ నిలబడ్డాం. ఈసారి కాక మూడు దాకా ఆగి కాల్చాడు. మీట నొక్కి, ఎండ పడకుండా కెమెరా మీద కండువా కప్పి, అందరం తలలు దూర్చి చూశాం. వచ్చింది! గొట్టంలోంచి నల్లని చిన్న గుండు బయటికొచ్చి, సూటిగా, ఎంతో తీరిగ్గా వెళ్లి ఎర్రబుగ్గ నట్టనడుమ తగిలింది. బుగ్గ పొట్ట లోపలికి పోయింది, ఒళ్లంతా అలలు లేచాయి, చివరికి గుండును మెల్లగా పక్కకు నెట్టేసింది. వెర్రికేకలు పెట్టాను.

"నా గురి జూసినవా అల్లుడా! నట్టనడుమ!" అన్నాడు కాక.

"నా తుపాకి జూసినవా కాకా! ఎంత సక్కగ!" అన్నాడు మామ. ఇద్దరూ హత్తుకుని అలయ్‌బలయ్ ఇచ్చుకున్నారు. అప్పటిదాకా నోరు విప్పని అల్లుడు, "మరి బుగ్గ ఎందుకు పగల్లే మామా?" అని కాకను అడిగాడు.

అందరి తలలూ అత్త వైపు తిరిగాయి. ఆమె ఒళ్లో సగం ఊదిన బుగ్గ ఉంది.

"నన్నేం జూస్తుండ్రు? గాలి పంపు కరాబై పోయినేడాది సంది మూలకున్నది. పొద్దుగాల్ల సంది నోటితోని ఊదుతున్న. గట్టిగ ఊదనీకి నాకు దమ్ము యాడికెల్లి వస్తది?"

మామ నేల చూశాడు. కాక తుపాకి పక్కన పెట్టి, "జర జరుగు బిడ్డా" అని అత్త పక్కన కూర్చుని ఒక బుగ్గ అందుకున్నాడు. బొగ్గుబాయి ఊపిరి కదా, బుగ్గ నిమ్మకాయంత కూడా కాకముందే దగ్గు అందుకుంది. అల్లుడు లాక్కుని ఊదాడు. పెద్దలూ ఊదారు. దుకాణం నిలబడింది, ఆ సాయంత్రం జాతరంతా ఫట్‌ఫట్‌మని ఒకటే మోత.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది, అత్తకు కొత్త పంపు ఉంది. కాక ఏటా వస్తాడు, నన్ను వీడియో తియ్యమంటాడు. మొన్నటి జాతరలో ఆయన కాల్చిన గుండు బుగ్గకు జానెడు ఎడంగా పోయి వెనక గుడ్డలో పడింది. తెర మీద నాకు స్పష్టంగా కనిపించింది. కాకకు చూపు ఆనక, "ఏమాయె బిడ్డా? గాలి తక్కువున్నదా?" అని అడిగాడు.

ఆ వయసులోనైతే ఎగురుకుంటూ వెళ్లి చూపించేవాణ్ణి. కెమెరా ఆపేసి, "అవ్ కాకా, గాలి తక్కువున్నది" అన్నాను.

పంపు చేతిలో పట్టుకున్న అత్త నా ముఖం చూసింది. "నాదే తప్పు కాకా, సరిగ కొట్టలే" అంది.

కాక తృప్తిగా తలాడించి, ఇంకో గుండు ఇమ్మన్నాడు.