ఎలుగు ముందు మూత మోత

పోయిన చలికాలం నేను, మావారు, అత్తయ్య గురజాల నుంచి నల్లమలలో ఉన్న సఫారీ క్యాంపుకు వెళ్లాం. గదిలో సామాన్లు పడేసి, సాయంత్రం టాపు లేని జీపెక్కాం. అత్తయ్య ఒళ్లో పులిహోర క్యారియరు.

"ఎలుగులు చానా తిరుగుతున్నాయి. అరవమాకండి" అన్నాడు డ్రైవరు.

ఒక మలుపు తిరగ్గానే, పిల్లను వీపు మీద ఎక్కించుకున్న ఎలుగుబంటి దారికి అడ్డంగా నిలబడి ఉంది! బ్రేకు వేసేసరికి ఇంజను ఆగిపోయింది. నా గుండె కూడా ఆగినంత పనైంది.

మా మొక్కజొన్న చేలో పళ్లెం మోగించి అడవిపందులను తోలేది అత్తయ్యే. ఆ అలవాటు కొద్దీ క్యారియరు మూత తీసి, స్పూనుతో టంగుటంగున కొడుతూ "హోయ్! పో!" అని కేకలేసింది.

ఎలుగు పోలేదు. రెండు కాళ్ల మీద లేచి భీకరంగా అరిచింది.

"ఆపు పెద్దమ్మా! పిల్లతల్లి, మీద పడుద్ది!" అన్నాడు డ్రైవరు.

నేను మూత లాక్కున్నాను. అది నా గాజులకు తగిలి ఇంకా మోగుతూనే ఉంది.

ఎంతసేపటికో ఎలుగు పొదల్లోకి వెళ్లిపోయింది.

"ఏందే, పందులైతే ఎప్పుడో పారిపోయేవి" అంది అత్తయ్య.

ఇప్పటికీ చేలో ఆమె పళ్లెం మోగిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ అడవి ఎలుగు చేను, ఆ సాయంత్రం అందులో పడ్డ పందులం మేమే కదా!